చెప్పాం కదా

మా ఆఫీసులో గుమాస్తా నుంచి డైరెక్టరు దాకా అందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటుంది. "చెప్పాం కదా." ఎవరి కాలు విరిగినా, ఎవరి ఇంటి రేకులు ఎగిరిపోయినా, ఎవరు చలికి కొయ్యబారిపోయినా మావాళ్ళు ముందుగా అడిగేది ఆ మనిషి ఎలా ఉన్నాడని కాదు, మనం చెప్పామా లేదా అని. చెప్పి ఉంటే చాలు, ఆ పూటకు అందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీ తాగుతారు.

ఆ చెప్పే గొంతు నాది. చలికాలమంతా ఊళ్ళో స్తంభాలకు బిగించిన స్పీకర్లలోంచి పొద్దున్నే వినపడేది నేనే. నన్ను చూసినవాళ్ళు తక్కువ, నా గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయలు బేరమాడుతుంటే అమ్మేవాళ్ళు తలెత్తి చూస్తారు. "మీరు స్పీకరు అమ్మ కదూ" అంటారు. బేరం మాత్రం తగ్గించరు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. నిజంగా ప్రమాదం ఉన్న రోజునే మైకు ముందు కూర్చుని చదివేదాన్ని. జనం నడక ఆపి వినేవాళ్ళు. అలాంటిది ఒక ఏడాది గాలికి ఎవరి షెడ్డు రేకో లేచి వచ్చి బస్టాపులో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పేపర్లో 'హెచ్చరిక ఏదీ?' అని పెద్దక్షరాలతో వేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషి మా డైరెక్టరు. ఆ రెండు మాటలూ ఆయనకు నిద్ర లేకుండా చేశాయి. మర్నాడే ఒక హెచ్చరిక పాఠం రాయించారు. పొగమంచు, చలిగాలి, జారే రోడ్లు, ఊడిపడే రేకులు, మూసిన గదుల్లో కుంపట్లు, పగిలే నీళ్ళ పైపులు, ముసలివాళ్ళు, పసిపిల్లలు, పశువులు, దేన్నీ వదల్లేదు. చివర్లో 'అత్యవసరమైతే తప్ప బయటకు రావద్దు' అని ముక్తాయింపు. నాచేత ఒక్కసారి చదివించి రికార్డు చేశారు. చలి మొదలైన రోజు నుంచి పోయేదాకా, ప్రతి పొద్దునా, ఒకే టైముకు ఆ రికార్డు వెయ్యాలని ఆర్డరు. ఆకాశం అద్దంలా ఉన్నా సరే, వెయ్యాల్సిందే.

"రోజూ అదే చెబితే ఎవరు వింటారు సార్" అని నేను అప్పుడే అన్నాను.

"వినడం వాళ్ళ పనమ్మా. చెప్పడం మన పని" అన్నారు ఆయన. ఏదో పెద్ద ధర్మసూక్ష్మం విప్పి చెప్పినట్టు తల కూడా ఊపారు.

జనం మాత్రం ఏం చేస్తారు. కొన్నాళ్ళు విన్నారు. ఆ తర్వాత దాన్ని గడియారంలా వాడుకోవడం మొదలుపెట్టారు. నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. 'బయటకు రావద్దు' అని నా గొంతు అనగానే ఊరు బయటకు వస్తుంది. మిల్లుకు పోయేవాళ్ళు సైకిళ్ళు తీస్తారు. తల్లులు పిల్లలకు మేజోళ్ళు తొడిగి గుమ్మం దాటిస్తారు. దుకాణాలవాళ్ళు షట్టర్లు ఎత్తుతారు. రావద్దన్న మాటే రమ్మన్న పిలుపైపోయింది. ఇంత విడ్డూరం ఇంకే ఊళ్ళోనైనా ఉందేమో నాకు తెలియదు.

అందరికంటే ముందు బయలుదేరేది నా తమ్ముడు. వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, ఊరంతా తొందరగాడు అంటుంది. బేకరీ వాన్ తోలతాడు. మేం ఉండేది ఒకే ఇంట్లో, కింద వాటాలో వాడూ వాడి భార్యా, పై వాటాలో అమ్మా నేనూ. వాడు చీకటుండగానే పక్క వీధి బేకరీలో రొట్టెలు ఎక్కించుకుని వచ్చి, ఇంటి ముందు బండి ఆపి, గుమ్మంలో నిలబడి టీ తాగుతాడు. స్తంభం మీద నా గొంతు మొదలవగానే గ్లాసు కింద పెడతాడు. "అక్క అరిచింది, టైమైంది" అంటాడు. వంతెన దాటి అవతలి గట్టు దుకాణాలన్నిటికీ వాడే రొట్టెలు వెయ్యాలి. పొద్దున వంతెన ఎక్కే మొదటి బండి వాడిదే. ఆ బండి టైర్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. మార్చరా అంటే, "ఈ చలికాలం గడవనీ అక్కా" అని రెండు చలికాలాలు గడిపాడు.

ఇక మా అమ్మ. స్పీకరు మొదలవగానే ఇరుగుపొరుగుకు వినపడేలా "మా పెద్దది మాట్లాడుతోంది" అంటుంది. ఏం మాట్లాడుతోందని అడిగితే చెప్పలేదు. అంత మురిపెంగా వింటుంది, ఒక్క ముక్క చెవికెక్కదు.

ఆ రోజు సంగతికి వస్తాను.

మా కంట్రోల్ రూము పాత మేడ మీద ఒక చిన్న గది. హీటరులో ఒక్క కడ్డీ ఎర్రబడుతుంది, రెండోది ఎప్పుడో పోయింది. కిటికీ తీస్తే నది, దాని మీద వంతెన, అవతలి గట్టు దీపాలు కనిపిస్తాయి. అవతలి గట్టు స్పీకర్లకు అక్కడే వేరే గది ఉంది. అక్కడా ఉన్నది నా రికార్డే. నేను శాలువా కప్పుకుని, రికార్డు వేసే టైము కోసం చూస్తున్నాను. ఫోను మోగింది. వంతెన కాపలాదారు.

"అమ్మా, ఇక్కడ పరిస్థితి ఏం బాగాలేదు. రాత్రి తుంపర పడింది కదా, అది వంతెన మీద గడ్డకట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పలక. చూస్తే ఉత్త తడిలా ఉంది, టార్చి వేసినా తెలీడంలేదు. రెండుసార్లు పడ్డాను. రెండోసారి రెయిలింగు పట్టుకుని పాక్కుంటూ వచ్చాను."

"గేటు దించెయ్యి బాబాయ్."

"దించాలంటే రోడ్ల ఆఫీసు ఆర్డరు కావాలి. వాళ్ళు ఫోను ఎత్తడంలేదు. పోనీ ఏదైతే అదే అవుతుందని దించుదామంటే గేటుకీ మంచు పట్టేసింది, కదలదు. నేనొక్కణ్ణి, వంతెనకి రెండు చివర్లు. ఎటని కాయను? ఇంకాసేపట్లో నీ రికార్డు వేస్తావు. అది అయ్యేసరికి రెండు వైపుల నుంచీ జనం వచ్చి పడతారు."

అప్పటికే నా వేలు బటను మీద ఉంది. ఆ మాట వినగానే తీసేశాను. తొందరగాడు ఈపాటికి గుమ్మంలో నిలబడి టీ ఊదుకుంటూ ఉంటాడు. నేను రికార్డు వేశానంటే వాణ్ణి నా చేత్తో నేను వంతెన మీదికి తోసినట్టే.

వాడి ఫోనుకు చేశాను. మోగుతూనే ఉంది. ఎత్తడు, నాకు తెలుసు. మా ఆఫీసు ఈ రికార్డుతో ఊరుకుందా? అదే పాఠాన్ని రోజూ ఊరందరి ఫోన్లకూ పంపిస్తుంది. ఫోను సైరనులా కుయ్యోమంటుంది. దాని బాధ పడలేక తమ్ముడూ మరదలూ పడుకునే ముందు ఫోన్ల నోరు నొక్కేసి పడుకుంటారు, టిఫిను అయ్యాకగానీ మళ్ళీ తియ్యరు. ఊళ్ళో సగంమంది చేసేది అదే. అమ్మకు ఫోనే లేదు. "నీ గొంతు రోజూ వినపడుతూనే ఉందిగా, మళ్ళీ ఫోనెందుకే" అంటుంది.

డైరెక్టరుకు చేశాను. ఆయన దుప్పటిలోంచి మాట్లాడుతున్నట్టు గొంతు బొంగురుగా ఉంది. సంగతంతా చెప్పాను.

"దానికి నన్ను లేపడం ఎందుకమ్మా? రికార్డు ఉందిగా, వెయ్యండి. రోడ్లు జారతాయని అందులో ఉంది."

"అది వేస్తే అందరూ బయలుదేరతారు సార్."

"హెచ్చరిక వింటే బయలుదేరడమేమిటి?"

"మీరు ఒక్కసారైనా ఆ టైముకి వీధిలోకి వచ్చి చూశారా సార్? మన రికార్డు విన్నాకే జనం ఇల్లు కదులుతారు. ఇవాళ అది వెయ్యకూడదు. మైకులో నేను నా మాటల్లో చెబుతాను. వంతెన మీద మంచుందని, అదొక్కటే చెబుతాను."

"కొత్త పాఠమంటే కమిటీ చూడాలి. మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడితే రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేను. ముందు రికార్డు వెయ్యండి. తర్వాత కావాలంటే పాఠం రాసి పంపండి, చూద్దాం."

"కమిటీ చూసేలోపు నా తమ్ముడు నదిలో ఉంటాడు సార్."

"మీ ఇంటి సంగతులు డ్యూటీలోకి తేకండి" అన్నారు.

ఇంటి సంగతట. ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒక ఇంటివాడే. మంచులో జారిపడేవాడికి ఇల్లూ అక్కా ఉండకూడదని ఏ రూల్సులో రాశారో ఆయన్నే అడగాలి. నేను వెయ్యనన్నాను. ఆయన "సరే, మీరు వెయ్యకపోతే దానికి మీరే బాధ్యులు. అవతలి గట్టుకైనా నేను ఫోను చేసి వేయిస్తాను" అని పెట్టేశారు.

నేను వెంటనే అవతలి గట్టు గదికి చేశాను, లైను దొరికేసరికి ఆలస్యమైంది. అక్కడ డ్యూటీలో ఉన్నతను మెత్తటి మనిషి, ఎవరినీ కాదనలేడు. "మీరు చెప్పింది నిజమే అక్కా, కానీ సారు వెయ్యమన్నారు. వేసేశాను కూడా" అన్నాడు.

కిటికీ తీశాను. చలి మొహాన కొట్టింది. నది మీదుగా, పొగమంచులోంచి, నా గొంతే నాకు వినపడింది. ప్రజలకు విజ్ఞప్తి. పొగమంచు, చలిగాలులు. తొణక్కుండా బెణక్కుండా చదువుకుపోతోంది. నేను ఇక్కడ నోరు మూసుకుని నిలబడితే అక్కడ అది జనాన్ని ఇళ్ళలోంచి పిలుస్తోంది. నా స్పీకర్ల మొహాలన్నీ ఇవతలి గట్టు వైపే. అవతలికి నేనేం చెప్పినా చేరదు. నా గొంతు పట్టుకుని పిసికెయ్యాలన్నంత కోపం వచ్చింది.

ఇవతలివాళ్ళైనా మిగలాలి. మైకు మీది గుడ్డ లాగేసి బటను నొక్కాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. నోటికి వచ్చింది వచ్చినట్టే అనేశాను.

"ఒరేయ్ తమ్ముడూ, నేను అక్కని. ఇది రికార్డు కాదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటావు, నాకు తెలుసు. బండి తాళం అక్కడ పెట్టు. వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకు మంచు గడ్డకట్టి ఉంది. చూస్తే తడిలా ఉంటుంది, తడి కాదు. కాపలా బాబాయ్ నడుస్తూ నడుస్తూనే రెండుసార్లు పడ్డాడు. నీ టైర్లు ఎంత నున్నగా ఉన్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వంతెన ఎక్కావంటే మళ్ళీ నా గడప తొక్కనివ్వను. మిగతావాళ్ళు కూడా వినండి. మీ ఇంట్లో అక్క ఉంటే ఆవిడే చెప్పిందనుకోండి, లేకపోతే నేనే మీ అక్కని. ఇవాళ ఎవరూ వంతెన వైపు రాకండి. సైకిళ్ళు లోపల పెట్టండి. మిల్లువాళ్ళు జీతం కోస్తే నా పేరు చెప్పండి, వచ్చి నేను మాట్లాడతాను."

అదే మళ్ళీ మళ్ళీ చెప్పాను. చెప్పినప్పుడల్లా ఇంకో తిట్టు కలిసింది. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను.

ఇంట్లో జరిగింది తర్వాత మా మరదలు చెప్పింది. "నీ రికార్డు రాకపోయేసరికి ఆయన టీ తాగేసి కూడా అక్కడే నిలబడ్డాడు వదినా. 'అక్క ఇంకా అరవలేదేంటి, కరెంటు పోయిందా' అంటాడు. ఇంకో టీ పెట్టమన్నాడు. అది కూడా అయిపోయింది. ఇక లాభం లేదని తాళం చేతిలోకి తీసుకున్నాడు, అప్పుడు నువ్వు తిట్టడం మొదలుపెట్టావు. తెల్లబోయి గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాడు. మొత్తం వీధి తలుపుల్లోకి వచ్చింది. టైర్ల సంగతి వినగానే అందరూ ఈయన బండి వైపు చూశారు." అమ్మ మేడ మెట్లు దిగి వచ్చి, "ఇవాళ నా కూతురు నిజంగా మాట్లాడుతోందర్రా, నోరు మూసుకుని వినండి" అని వీధి మొత్తాన్నీ కసిరిందట.

ఎండ ఎక్కాక తమ్ముడు నడుచుకుంటూ వెళ్ళి వంతెన చూసి, అక్కణ్ణుంచి మా ఆఫీసు మేడకు వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీద ఒక రొట్టె పెట్టాడు.

"తిట్టు బాగా తిట్టావక్కా" అన్నాడు.

"టైర్లు మార్చు" అన్నాను.

వాడు బుద్ధిగా తలూపాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను.

ఇవతలి గట్టున ఆ పొద్దున ఒక్కడు కూడా పడలేదు. అవతలి గట్టున రోజూలాగే రికార్డు విని జనం రోజూలాగే బయలుదేరారు. మొదటి సైకిలు జారింది, వెనకవాళ్ళు దాని మీద పడ్డారు, వాళ్ళ మీద ఇంకొందరు. కాపలాదారు ఇటు నుంచి అరుస్తూనే ఉన్నాడట, ఆ అరుపు అటు చేరలేదు, పొగమంచులో ఎవరికీ ఏమీ కనపడలేదు. చేతులు, మోకాళ్ళు, పళ్ళు, ఎన్ని విరిగాయో చెప్పలేను. ప్రాణాలు పోలేదు, అది ఎవరి గొప్పా కాదు.

మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. మంచాలు చాలక వరండాలో కూడా పరుపులు వేశారు. గోడవారగా ఒక పెద్దాయన, కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. టైలరు. అవతలి గట్టు మనిషే అయినా ఆయన కుట్టు మిషను ఇవతలి బజారులో ఉంది. నేను పక్కనున్న నర్సును మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. ఆయన కళ్ళు తెరిచాడు.

"మీరు స్పీకరు అమ్మ కదూ?"

అవునన్నాను.

"అనుకున్నాను. గొంతు వినగానే లేవబోయాను, అలవాటు కదమ్మా. రోజూ మీ గొంతు విన్నాకే దుకాణానికి బయలుదేరతాను. మీరు మొదలుపెట్టగానే కోటు తొడుక్కుంటాను, మీ మాట అయ్యేసరికి వీధి మలుపులో ఉంటాను. నిన్న కూడా అలాగే." కట్టు వైపు చూసుకున్నాడు. "ఇది కత్తెర పట్టే చెయ్యి. మళ్ళీ పడుతుందో లేదో డాక్టరు ఇప్పుడే చెప్పలేనన్నాడు."

ఆయన మాటలో నింద లేదు. ఉంటే కొంచెం నయంగా ఉండేది. నేను నీళ్ళు తెచ్చి తాగించి వచ్చేశాను. దారి పొడుగునా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

ఆఫీసులో విచారణ పెట్టారు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఏమిటో అక్కడ చూశాను. డైరెక్టరు కాగితం పట్టుకుని చదివారు. అవతలి గట్టున నియమం ప్రకారం హెచ్చరిక జారీ అయింది. ప్రజలు దాన్ని పాటించకపోవడం వల్ల ప్రమాదం జరిగింది. ఆఫీసు వైపు నుంచి లోపం లేదు. ఇవతలి గట్టున హెచ్చరిక జారీ కాలేదు. ఇది తీవ్రమైన లోపం.

"ఇవతలి గట్టున ఒక్కడూ పడలేదు సార్" అన్నాను.

"అది వేరే విషయమమ్మా."

"వేరే విషయం ఎలా అవుతుంది? మనం ఉన్నది దానికే కదా?"

"మీరు ఆవేశపడుతున్నారు. రేపు ఎవరైనా అడిగితే మనం చూపించాల్సింది హెచ్చరిక ఇచ్చామా లేదా అన్నదే. అవతల ఇచ్చాం. చెప్పాం కదా అనగలం. ఇవతల ఏమనగలం?"

"బతికించాం అనొచ్చు సార్" అన్నాను. "ఆసుపత్రి వరండాలో ఒక టైలరు ఉన్నాడు. మీరు చెప్పారు కాబట్టే ఆయన చెయ్యి విరిగింది. వెళ్ళి ఆయనతో అనండి, చెప్పాం కదా అని. నేను కూడా వస్తాను, ఆయన మొహం మీద మీరెలా అంటారో చూస్తాను."

గోడకి చెప్పినా కాస్త సున్నం రాలేది, వీళ్ళకి అదీ లేదు. నన్ను పొద్దుటి డ్యూటీ నుంచి తీసేసి మధ్యాహ్నానికి మార్చారు. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను, ఊడలేదు. ఎందుకు ఊడలేదో కొన్నాళ్ళకు అర్థమైంది.

ఇవతలి గట్టు జనం నా తిట్టు గురించి ఊరంతా చెప్పుకున్నారు. దుకాణాల్లో, బస్సుల్లో అదే మాట. పేపర్లో కూడా వచ్చింది, 'అక్క మాట కాపాడింది' అని. డైరెక్టరు పేపరు పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"మీ పద్ధతి జనానికి బాగా ఎక్కిందమ్మా. మైకులో మాట్లాడిందంతా మన మిషనులో రికార్డయి ఉంది. కమిటీ విని ఆమోదించింది. పాత పాఠం తీసేసి ఇక నుంచి ఇదే వేస్తాం. రెండు గట్ల మీదా."

"ఎప్పుడు వేస్తారు సార్?"

"రోజూ. అదే టైముకి."

నేను బతిమాలాను. ఆ మాటలు ఆ ఒక్క పొద్దుటివని చెప్పాను. మంచు లేని రోజున ఆ మాట వేస్తే, మంచు ఉన్న రోజున వెయ్యడానికి ఏమీ మిగలదని చెప్పాను. నచ్చకపోతే నన్ను తీసెయ్యండి గానీ దాన్ని వెయ్యకండని కూడా అన్నాను. ఆయన నా భుజం తట్టి, మీకు మెచ్చుకోలు పత్రం కూడా ఇస్తామన్నారు.

వేశారు. కాపలాదారు పడిన సంగతీ, మిల్లు జీతం సంగతీ కత్తిరించేశారు, ఆఫీసుకు ఇబ్బందని. మిగతాదంతా ఉంచారు. మొదటి రోజు ఊరు ఉలిక్కిపడి ఆగింది. జనం వంతెన దాకా వచ్చి తొంగి చూశారు. వంతెన పొడిగా ఉంది. రెండో రోజూ పొడిగానే ఉంది. మూడో రోజుకు పిల్లలు వీధిలో నన్ను అనుకరించడం మొదలుపెట్టారు. నడుం మీద చేతులు పెట్టుకుని "ఒరేయ్ తమ్ముడూ, ఇది రికార్డు కాదు" అనడం, పగలబడి నవ్వడం. పెద్దవాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత నవ్వడం కూడా మానేశారు.

ఇప్పుడు ఆ టైముకు నేను ఇంట్లోనే ఉంటున్నాను. నిన్న పొద్దున కింద గుమ్మంలో తొందరగాడు టీ తాగుతున్నాడు. వాడు టైర్లు మార్చలేదు. వంతెన పొడిగా ఉందిగా, ఇక తొందరేముంది. ఆ ఒక్క విషయంలో మాత్రం వాడికి తొందర ఉండదు. అంతకుముందు రాత్రి మళ్ళీ తుంపర పడింది. చప్పుడు నేను పడుకుని విన్నాను. మేడ దిగి వచ్చేసరికి స్తంభం మీద మొదలైంది.

ఒరేయ్ తమ్ముడూ, నేను అక్కని. ఇది రికార్డు కాదు.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అక్క తిట్టింది, టైమైంది" అని లోపలికి కేకేసి తాళం తీసుకున్నాడు.

"ఆగరా. రాత్రి తుంపర పడింది. వంతెన ఎలా ఉందో ఏమో."

"రోజూ అదే అంటావు కదక్కా."

"అది నేను కాదురా. నేను ఇక్కడున్నాను. నీ ఎదురుగా నిలబడి ఇప్పుడు చెబుతున్నాను."

"చెప్పావు కదా" అన్నాడు వాడు. విసుగేం లేదు, ప్రేమగానే అన్నాడు. నా పక్క నుంచి తప్పుకుని బండి ఎక్కాడు.

పైన నా గొంతు బండి తాళం అక్కడ పెట్టమంటోంది. కింద వాడు తాళం తిప్పుతున్నాడు. నాకు ఇంకేం మాట దొరకలేదు. ఉన్న మాటలన్నీ వాళ్ళు తీసేసుకున్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. రోడ్డు తడిగా కనపడింది. కాలు పెట్టగానే సర్రున జారింది. పడిపోయాను. లేవలేదు. అక్కడే, బండి ముందు, రోడ్డుకు అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వాడు హారను కొట్టాడు. "అక్కా, పిచ్చెక్కిందా, లే" అన్నాడు. కొట్టుకోనిమ్మని కూర్చున్నాను. ఎక్కించాలంటే నా మీద నుంచి ఎక్కించనీ.

మా వీధి పొడుగునా తలుపులు తెరుచుకుంటున్నాయి. మిల్లువాళ్ళు సైకిళ్ళు దించుతున్నారు. "వెళ్ళకండి, మంచుంది, ఇదిగో చూడండి, నేనే పడ్డాను" అని అరిచాను. స్తంభం మీద నా గొంతు అంతకంటే గట్టిగా అరుస్తోంది. ఎదురింటాయన టోపీ చెవుల మీదికి లాక్కుని, నా పక్క నుంచి సైకిలు తిప్పుకుంటూ మర్యాదగా నవ్వాడు.

"విన్నామమ్మా, విన్నాం" అన్నాడు, పెడలు మీద కాలేసి.